ఫోటో గొయ్యి

రాయగడలో రైల్వే గేటు అవతలి కాలనీకి వెళ్లి జాయింటరు ఆదిశేషు అనండి, ఇల్లు చూపిస్తారు. ఇంటిపేరు చెబితే ఎవరికీ తెలియదు. తండ్రి పార్వతీపురం నుంచి వచ్చి మున్సిపాలిటీలో కుళాయిలు బిగించే పనికి కుదిరాడు. కొడుకు టెలిఫోను తీగల్లో పడ్డాడు. పద్దెనిమిదో ఏట స్తంభం ఎక్కినవాడు నలభై ఏడో ఏట కూడా కాంట్రాక్టు మనిషే. నిన్ను పర్మనెంటు చేయిస్తానని భుజం తట్టిన ఆఫీసర్లందరూ చక్కగా రిటైరైపోయారు, ఇతనొక్కడూ అక్కడే మిగిలాడు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. రాగి తీగల రోజులు పోయి గాజు తీగల రోజులు వచ్చాక కుర్రవాళ్లు నేర్చుకునే లోపలే ఇతను నేర్చేసుకున్నాడు. వెంట్రుకంత సన్నని గాజు పోగులు రెండింటిని ఎదురెదురుగా పెట్టి అతికించాలి. చెయ్యి వణికిందా, అందులోంచి వెలుగు పారదు. అతికించి, వెలుగు అవతలికి చేరిందో లేదో మిషను పెట్టి చూసుకుంటే గాని ఆదిశేషు డబ్బా మూత వెయ్యడు. "అబద్దపు జాయింటు ఈ సేత్తో పడలేదు," అని నలుగురిలో అనేవాడు. నిజమే. అతుకులో అబద్ధం లేదు. అబద్ధమంతా గోతిలో ఉంది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ప్రతి పంచాయతీ ఆఫీసుకీ గాజు తీగ మీద ఇంటర్నెట్ వెళ్లాలని ఢిల్లీలో పథకం వేశారు. మంచి పథకమే, వెటకారంగా అనడం లేదు. లక్ష్మీపూర్ అవతల కొండల్లో బేలపదర్ అని ఒక పంచాయతీ ఉంది. ముసలివాళ్లకి పింఛను రావాలంటే వేలిముద్ర పడాలి, వేలిముద్ర పడాలంటే సిగ్నలు కావాలి, సిగ్నలు కావాలంటే కొండ ఎక్కాలి. కొండ ఎక్కగలిగినవాళ్లకి పింఛనెందుకు? పిల్లల స్కాలర్‌షిప్పు కాగితాలకైతే ఇరవై రెండు కిలోమీటర్లు ఆటోలో వేలాడుతూ లక్ష్మీపూర్ పోవాలి. అలాంటి చోటికి సర్కారు తన డబ్బుతో తీగ వేస్తానంటే ఎవరు కాదంటారు? సర్కారు డబ్బిచ్చింది, రూలిచ్చింది, తనిఖీ పెట్టింది. తవ్వే పని మాత్రం కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ తరఫున సూపర్వైజరు కన్నారావు. కన్నారావు కింద మన ఆదిశేషు.

రూలు ప్రకారం తీగ అయిదున్నర అడుగుల లోతున, పైపులో పడాలి. అక్కడి నేలేమో చట్రాయి. తవ్వే మిషను పళ్లు విరిగిపోయేవి, గడువు మాత్రం విరగదు కదా. అందుకని కన్నారావు ఒక ఉపాయం చేశాడు. అరకిలోమీటరుకి ఒకచోట మెత్తటి నేల చూసి నిజంగానే అయిదున్నర అడుగుల గొయ్యి తీయించేవాడు. అందులో టేపు నిలబెట్టి, పక్కన పలక మీద కిలోమీటరు నంబరు రాయించి ఫోటో కొట్టేవాడు. తేదీ నిజం, తావు నిజం, టేపు నిజం. ఆఫీసులో కూర్చుని ఫోటో చూసేవాడికి గొయ్యే కనిపిస్తుంది. గొయ్యికీ గొయ్యికీ మధ్య ఏముందో కనిపించదు. ఆ మధ్యలో తీగ జానెడు లోతున, పైపు కూడా లేకుండా పడుకుని ఉండేది. పనివాళ్లు వాటిని ఫోటో గోతులు అనేవారు, అని నవ్వుకునేవారు.

పలక మీద అంకెలు వేసేది ఆదిశేషే. అతని దస్తూరీ గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది.

బేలపదర్ పనికి వెళ్లిన మూడో వారం అతనికి మలేరియా పట్టుకుంది. గుడారంలో మూలుగుతుంటే కంపెనీవాళ్లు చూసీ చూడనట్టు పోయారు. ఆ పక్క మెట్ట భూమి లక్ష్మణుడిది. లక్ష్మీపూర్ సంతలో తెలుగు షావుకార్లకి అల్లం, చింతపండు అమ్మి అమ్మి తెలుగు నేర్చుకున్నవాడు. ఇంకొకడిని సాయం పట్టి, మంచానికి కర్ర కట్టి, ఆదిశేషుని రోడ్డు దాకా మోశాడు. కకిరిగుమ్మలో రైలెక్కించి రాయగడ తీసుకొచ్చాడు. ఆసుపత్రిలో మూడు రోజులు మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. ఆదిశేషు భార్య అమ్మడు ఏడ్చుకుంటూ వచ్చి, "బాబూ, తోడబుట్టినోడు కూడా ఇలాగ సెయ్యడు," అంది.

ఆ చైత్ర పర్వం పండగకి ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. మనవాళ్లు నేస్తమంటారు, అక్కడివాళ్లు సంగాత అంటారు, మర్యాద ఒక్కటే. కొత్త తువాళ్లు మార్చుకొని, ఒకే ఆకులో అన్నం తిన్నారు. ఇక ఆ రోజు నుంచి బతికున్నంత కాలం ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ఎదురుగా గాని వెనక గాని పేరు నోట రాకూడదు. ఒకరి మీదకి మాట వస్తే ఇంకొకరు అడ్డం పడాలి. ఈ కాలంలో ఇవన్నీ ఎవరు పాటిస్తారంటారేమో, లక్ష్మణుడు పాటించాడు.

పర్వం అయిన వారానికే తీగ లక్ష్మణుడి మెట్ట మీదికి వచ్చింది. మట్టి కప్పేశాక లక్ష్మణుడు వచ్చి అడిగాడు.

"నేస్తం, ఈ ఏడు ఈ మెట్ట బీడు పెట్టీసేను. ఒచ్చే ఏడు సామలేద్దారనుకుంతన్నాను. ఆ బాబేమో దున్నొద్దంతన్నాడు. దున్నితే తీగకేటైనా అవుతాదా?"

ఆ బాబు కన్నారావు. పది గజాల అవతల జీపుకి ఆనుకొని ఇటే చూస్తున్నాడు. ఆదిశేషు కాళ్ల కింద జానెడు లోతున తీగ ఉంది. ఉదయం లక్ష్మణుడి ఇంట్లో తాగిన అంబలి ఇంకా కడుపులో ఉంది. నేస్తం, మేము మోసం చేశాం, నీ భూమిలోనే చేశాం, అని చెప్పాలి. సిగ్గేసింది. భయం కూడా వేసిందనుకోండి, కానీ ముందు వేసింది సిగ్గే.

"అదేటి నేస్తం, అలాగంతావు? మనిసి ములిగీటంత లోతుల ఉంది. నీ నాగలికి అందుతాదేటి? సుబ్బరంగా దున్నుకో," అన్నాడు.

లక్ష్మణుడు తలూపి వెళ్లిపోయాడు. సర్కారు పని, పైగా నేస్తం మాట. ఇంకా అనుమానం దేనికి?

శ్రావణంలో బేలపదర్ పంచాయతీ ఆఫీసులో ఇంటర్నెట్ పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. లక్ష్మణుడి కూతురు కుంతి పన్నెండు చదివిన పిల్ల. ఆఫీసు వరండాలో బల్ల వేసుకొని పింఛన్లకి వేలిముద్రలు వేయించడం, స్కాలర్‌షిప్పులు నింపడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఒక ముసలమ్మ వేలు పెట్టి, తీసి, "అయిపోయిందా?" అని మూడుసార్లు అడిగింది. నమ్మలేక అక్కడే సాయంత్రం దాకా కూర్చుంది. ఆదిశేషు అటువైపు పనున్నా లేకున్నా వెళ్లి ఆ పచ్చ దీపం చూసి వచ్చేవాడు. తన చేతి అతుకు మీద అంత ఊరు నడుస్తోందంటే ఛాతీ పొంగేది. మెట్ట పక్కనుంచి వెళ్లేటప్పుడు మాత్రం తల అటు తిప్పేవాడు కాదు.

మరుసటి ఏడు తొలకరికి లక్ష్మణుడు నాగలి కట్టాడు. రెండో చాలులో కర్రు ఎక్కడో చిక్కుకుంది. ఎడ్లు లాగినా రాలేదు. వంగి చూస్తే నల్లగా, వేలంత లావున వేరు. గొడ్డలి తెచ్చి ఒక్క దెబ్బ వేశాడు. తెగాక చూస్తే అది వేరు కాదు, రబ్బరు. లోపల ఏవో రంగు రంగుల పోగులు. సర్కారు తీగ మనిషి లోతున కదా ఉంది, ఇదేమిటో మరి అనుకొని, తెగిన ముక్క పట్టుకొని తనే పంచాయతీ ఆఫీసుకి వెళ్లాడు. "ఇది ఎవులిదో సూడండి," అని బల్ల మీద పెట్టాడు. అక్కడ కుంతి పెట్టె వైపు చూస్తోంది. పచ్చ దీపం ఆరిపోయి ఉంది.

గంటలో పోలీసు జీపు వచ్చింది. రాగి కోసం సర్కారు తీగ నరికాడని కేసు కట్టారు. గాజు తీగలో రాగి ఉండదన్న సంగతి చెప్పేవాడు ఆ వేళకి అక్కడ లేడు. ఆ చెప్పగలిగినవాడు రాయగడలో మోటార్ సైకిల్ స్టార్టు చేస్తున్నాడు. తెగిన చోటు ఎంత దూరంలో ఉందో మిషను లెక్కగట్టక ముందే ఆదిశేషుకి తెలిసిపోయింది.

అతను చేరేసరికి లక్ష్మణుడిని తీసుకుపోయారు. కన్నారావు జీపు బానెట్టు మీద ఒక కాగితం పరిచి ఉంచాడు. తీగ అయిదున్నర అడుగుల లోతున ఉండగా నిందితుడు బుద్ధిపూర్వకంగా తవ్వి, గొడ్డలితో నరికినట్టు తేలింది, అని ఒడియాలో టైపు కొట్టి ఉంది. కింద జాయింటరు సంతకానికి ఖాళీ.

"ఏటి ఆలోసిత్తన్నావు?" అన్నాడు కన్నారావు.

"బాబూ, ఆడు నా నేస్తం."

"అయితే? నాను తీగ లోతు అడుగుతన్నాను, సుట్టరికం అడగనేదు. ఫోటోల ఎంత లోతుంది? ఆ పలక ఎవులు పట్టుకున్నారు? ఆ అంకెలు ఎవులి దస్తూరీ?" గొంతు పెంచకుండానే అన్నాడు. "మునిగితే నానొక్కడినే మునగను ఆదిశేషూ. ఆలోసించుకో. కాశీపూర్ బ్లాకు పని వచ్చే నెల మొదలు. రెండేళ్ల పని."

ఆదిశేషు సంతకం పెట్టాడు. గుండ్రంగా, ముచ్చటగా పెట్టాడు.

కేసు తేలేదాకా తెగిన చోటు ముట్టుకోవద్దన్నారు. పెట్టె చీకటిగానే ఉండిపోయింది. ముసలివాళ్లు మళ్లీ కొండ ఎక్కడం మొదలెట్టారు. ఊరివాళ్లు కుంతిని చూసి, మీ నాన్న గొడ్డలి మా పింఛను నరికింది అనేవారు. ఆ పిల్ల బల్ల ఇంటికి మోసుకుపోయి దాని మీద ఉల్లిపాయలు ఆరబోసింది.

లక్ష్మణుడు పద్దెనిమిది రోజులు లోపలుండి బెయిలు మీద వచ్చాడు. వచ్చినవాడు ఊరు పోలేదు. నేరుగా రాయగడ, ఆదిశేషు ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. భుజం మీద పర్వం నాటి తువాలే ఉంది. అమ్మడు కంగారుగా పీట వేసి, అన్నం పెట్టింది. ఆదిశేషు కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. తన సంతకం సంగతి ఇతనికి తెలిసే వచ్చాడనుకున్నాడు. తిడితే బాగుండును, నాలుగు తగిలిస్తే ఇంకా బాగుండును అనుకున్నాడు.

లక్ష్మణుడు చెయ్యి కడుక్కొని నెమ్మదిగా అన్నాడు. "దున్నుకోమనీసి ఎవులు సెప్పేరని మరీ మరీ అడిగేరు నేస్తం. కొట్టేరు కూడాను. నాను సెప్పనేదు. నేస్తం పేరు నోటంట ఎలాగొత్తాది?"

ఆదిశేషు కంచం పక్కకి జరిపాడు.

"నువ్వేటీ మనసుల ఎట్టుకోకు. కొండ వానకి మట్టి కొట్టుకుపోనాది. నువ్వు లోతుగానే ఏసేవు. వాన సేసిన పనికి నువ్వేటి సేత్తావు?"

ఇలా ఓదార్చి, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. జైలు నుంచి వచ్చినవాడు, పంపించినవాడిని ఓదార్చి వెళ్లాడు. అతనటు వెళ్లగానే ఆదిశేషు పెరట్లోకి పోయి నీళ్ల తొట్టి పక్కన కూలబడ్డాడు. అన్నం పెట్టిన చేతిని కుక్కైనా కరవదు, తను కరిచాడు అనిపించింది. అమ్మడు వచ్చి నిలబడింది. గోతుల దగ్గర నుంచి కాగితం దాకా మొత్తం చెప్పేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది.

"నాకు సెప్పేవు. నాకు సెప్తే ఏటి లాభం?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తరవాత నాలుగు రోజులు అతనితో అవసరమైన మాటే మాట్లాడింది.

చెబుదామని రెండుసార్లు బయలుదేరాడు. ఒకసారి లక్ష్మీపూర్ సంత దాకా పోయి, లక్ష్మణుడు అల్లం బస్తా దింపుతుంటే దూరం నుంచి చూసి తిరిగి వచ్చేశాడు. ఇంకోసారి కకిరిగుమ్మ స్టేషనులో దిగి, ఎదురు బండి వస్తే అదే ఎక్కేశాడు. ఈలోగా కాశీపూర్ పని మొదలైంది. అక్కడా పలకే, అక్కడా టేపే. అంకెలు రాస్తుంటే సుద్దముక్క వేళ్ల మధ్య విరిగిపోయేది.

దసరా ముందు, సర్కారు తరఫున తనిఖీకి సుభశ్రీ అని ఒక ఇంజనీరు వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, చెప్పినదానికల్లా తలూపే మనిషి కాదు. బేలపదర్ పెట్టె నాలుగు నెలలుగా ఎందుకు చీకటిగా ఉందని ఆమె ప్రశ్న. కన్నారావు ఆమెని లక్ష్మణుడి మెట్టకే తీసుకువెళ్లాడు. తెగిన చోటు వానలకి పూడిపోయి, ఎంత లోతో తెలియకుండా ఉంది. ఆదిశేషుని వెంట రమ్మన్నాడు. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. లక్ష్మణుడు, కుంతి ఒక పక్కగా నిలబడ్డారు.

"మేడం, అనుమానం ఉంటే తవ్వించి చూడండి," అని కన్నారావు ఫోటోలో ఉన్న గొయ్యి దగ్గరే గునపం వేయించాడు. అరగంట తవ్వారు. అయిదున్నర అడుగుల లోతున తీగ నిక్షేపంగా కనిపించింది. కన్నారావు టేపు నిలబెట్టి చిరునవ్వు నవ్వాడు. ఆమె రాసుకోబోయింది.

లక్ష్మణుడు ఆ గోతి వంక చూశాడు. తన నేస్తం చెప్పిందే నిజమైందన్నట్టు ఆదిశేషుకేసి చూసి తలూపాడు. ఆ తలూపడమే ఆదిశేషు భరించలేకపోయాడు.

గునపం తీసుకున్నాడు. "ఏటి సేత్తన్నావు?" అని కన్నారావు అరుస్తున్నా వినకుండా పద్నాలుగు అడుగులు పక్కకి నడిచాడు. నాలుగు పోట్లు పొడిచి, చేత్తో మట్టి తీశాడు. నల్లటి తీగ బయటపడింది. టేపు పెట్టాడు. పలక మీద తొమ్మిది అంగుళాలు అని రాసి, కింద తన పేరు రాశాడు.

"ఫోటో తియ్యండి మేడం," అన్నాడు ఒడియాలో.

ఆమె తీసింది. తరవాత అడిగింది. "వానకి మట్టి కొట్టుకుపోయిందా?"

లక్ష్మణుడు ఆ రోజు ఓదారుస్తూ అతనికి ఇచ్చిన సాకు అది. ఊ అంటే చాలు, తప్పు వాన మీదికి పోతుంది, కేసు తేలిపోతుంది, నేస్తం మిగులుతాడు. ఆదిశేషు ఒక్క క్షణం ఆశపడ్డాడు. ఆశపడ్డందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

"లేదు మేడం. వేసిన రోజునే ఇంత. గోతులు ఫోటోలకి తీసినవి. దున్నుకోమని ఇతనికి చెప్పింది నేను. తెలిసే చెప్పాను. ఇతను తవ్వి నరికాడని రాసిన కాగితం మీద సంతకమూ నాదే."

కన్నారావు జీపు వైపు నడిచాడు. సుభశ్రీ అంతా రాసుకొని, ఆదిశేషు సంతకం, వేలిముద్ర కూడా తీసుకొని, కేసు సంగతి తను పైకి రాస్తానంది. "ముందు తీగ కలపండి. వీళ్లకి మీ కాగితాలతో పని లేదు," అంది.

ఇక రేపటి నుంచి ఈ పని ఉండదని తెలిసే ఆదిశేషు మెట్టలో కూర్చుని మిషను తెరిచాడు. గాలి లేచింది, దుమ్ము పడితే పోగు అతకదు. వెనకనుంచి ఎవరో తువాలు అడ్డం పట్టారు. చూడకుండానే ఎవరో తెలిసింది. పర్వం నాటి తువాలు. పోగు వెనక పోగు అతికిస్తున్నంత సేపూ ఆ తువాలు కదలలేదు.

చివరి అతుకు పడిన కాసేపటికి ఆఫీసు వైపు నుంచి కుంతి కేక వేసింది, దీపం వెలిగిందని. గట్టు మీద జనమంతా అటు పరుగెత్తారు. మెట్టలో ఇద్దరే మిగిలారు. ఆదిశేషు లేచి, రెండు చేతులూ జోడించి, "నేస్తం," అన్నాడు.

లక్ష్మణుడు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గట్టు అవతలున్న ఇంట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. అతని ముఖంలో కోపం లేదు. సంతలో షావుకార్లతో మాట్లాడేటప్పుడు ఉండే మర్యాద ఉంది.

"నీళ్లు తాగి ఎల్లండి, ఆదిశేషు బాబూ. ఎండ దిగిపోతంది," అన్నాడు.

తిరిగి ఏమని పిలవాలో తెలియక ఆదిశేషు చెంబు అందుకొని నీళ్లు తాగాడు.